తిరగరాతలో ముందు మారాల్సినవి మాటలు కాదు

"కథ బాగుందండీ, స్క్రిప్ట్ మాత్రం ఇంకోసారి చూసుకోండి." నిర్మాతకో దర్శకుడికో సినిమా కథ వినిపించే నేరేషన్ అయ్యాక కొత్త రచయితలు ఎక్కువగా వినే మాట ఇది. చూసుకోవడం అంటే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు తక్కువ. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి హైదరాబాద్ వెళ్లే కుర్రాళ్లలో చాలామంది దాన్ని డైలాగులకు మెరుగులు దిద్దడంగానే తీసుకుంటారు. నెలరోజులు కూర్చుని పంచ్‌లు పెంచి, ప్రాసలు కుదిర్చి, అదే కథను అదే వరుసలో మళ్లీ పట్టుకెళ్తారు. మళ్లీ అదే జవాబు వస్తుంది. అడిగినది ఒకటి, చేసినది ఇంకొకటి కాబట్టి.

కరెక్షన్, పాలిష్, రీరైట్: మూడు వేరువేరు పనులు

సినిమా ఆఫీసుల్లో ఈ మూడు మాటలనీ కలిపేసి వాడతారు. గందరగోళం సగం అక్కడే పుడుతుంది. కరెక్షన్ అంటే అచ్చుతప్పులు, పేర్ల తేడాలు, మొదటి సీన్లో మేనమామ అయినవాడు నలభయ్యో సీన్లో బాబాయి అయిపోవడం లాంటివి సరిచేయడం. పాలిష్‌లో సీన్ ఆర్డర్ కదలదు, సీన్ల లోపల మాటలూ వర్ణనా మారతాయి. రీరైట్‌లో సీన్ల వరుస, పాత్రల అవసరాలు, ఒక సంఘటనకు ఇంకొక సంఘటన కారణమయ్యే తీరు మారతాయి. ఇది కాక 'పేజ్ వన్ రీరైట్' ఒకటుంది. కథలో మూల విషయం మాత్రం ఉంచుకుని ఖాళీ కాగితం మీద మొదటి సీన్ నుంచి రాయడం.

కాబట్టి స్క్రిప్ట్ వెనక్కి వచ్చినప్పుడు అడగాల్సింది ఒకటే: సీన్ ఆర్డర్ మారాలా, సీన్ల లోపల మారాలా? రెండో జవాబు వస్తే పదిహేను రోజుల పని. మొదటిది వస్తే డైలాగుల జోలికి ఇప్పుడే వెళ్లడం వృథా. రేపు తీసేయబోయే సీన్‌కు ఈరోజు మాటలు చెక్కినట్టవుతుంది. పైగా బాగా కుదిరిన డైలాగు ఉన్న సీన్‌ను తీసెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు.

పేజీ లెక్క మన స్క్రిప్టుకు ఎందుకు కుదరదు

సెన్సారు లెక్కలో 72 నిమిషాల లోపుది షార్ట్ ఫిల్మ్. మన థియేటర్ సినిమా దాదాపు రెండుంబావు, రెండుముప్పావు గంటల మధ్య నడుస్తుంది. అమెరికన్ పద్ధతిలో కొరియర్ అక్షరాలు, 12 పాయింట్ సైజు, పేజీకి సుమారు ఒక నిమిషం. మన స్క్రిప్టులు చాలావరకు ఎడమ సగంలో దృశ్యం, కుడి సగంలో సంభాషణగా ఉంటాయి. ఆ కాగితం మీద పేజీ-నిమిషం లెక్క పనిచేయదు. "ఇక్కడ పాట" అని ఒక్క లైను రాస్తాం, తెర మీద అది నాలుగు నిమిషాలు. నిడివి తెలియాలంటే గడియారం పెట్టుకుని, వర్ణన దగ్గర ఆగుతూ, పైకి చదవాల్సిందే.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 140 నిమిషాల సినిమా అనుకుందాం. నాలుగు పాటలకు 16 నిమిషాలు, ఒక పెద్ద వరద ఘట్టానికి 12, మొత్తం 28. మిగిలినవి 112. సీన్‌కు సగటున నిమిషం 45 సెకన్లు పడితే 64 సీన్లు పడతాయి. చేతిలో ఉన్న డ్రాఫ్ట్‌లో 86 సీన్లుంటే అది 150, 28 కలిపి దాదాపు 178 నిమిషాలు. అంటే 22 సీన్లు పోవాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, సీన్లన్నీ ఉంచి ప్రతిదాంట్లో అరనిమిషం కోస్తారు. అన్నీ పలచబడతాయి, నడక మాత్రం అలాగే ఉంటుంది. ల్యాగ్, అంటే సాగతీత, నిడివి వల్ల రాదు, ఏమీ మారకుండా గడిచిపోయే సీన్ల వల్ల వస్తుంది. ఏవి పోవాలో తెలియాలంటే ఒక కథను పట్టుకోవాలి.

ఉదాహరణ: కోతకు పోతున్న రెండెకరాలు

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో ఏదో ఒకదాని ఒడ్డున ఒక లంక. అక్కడ రెండెకరాల కొబ్బరి తోట. తండ్రి కష్టపడి కొన్నది, వీలునామా రాయకుండా పోయాడు. పెద్దకొడుకు సూర్యం సాగు చేసుకుంటున్నాడు. చిన్నవాడు సత్తిబాబు కువైట్ నుంచి తిరిగొచ్చి సగం పంచమంటాడు. తల్లి మంగమ్మ పాత ఇంట్లోనే ఉంది. అక్క రమణని రాజోలు ఇచ్చారు. సత్తిబాబు ఊరి టీచరమ్మని ప్రేమిస్తాడు. రేవు దగ్గర అన్నదమ్ములు కలబడతారు, ఇంటర్వెల్. సెకండాఫ్‌లో కోర్టు, ప్రేమకు అడ్డంకులు, ఆఖర్న వరద. తోట ఏట్లో కలిసిపోతుంది, అన్నదమ్ములు కలిసిపోతారు.

ఇది మొదటి డ్రాఫ్ట్. దీని జబ్బు చూడగానే కనిపించదు, ఎందుకంటే విడివిడిగా సీన్లు బాగానే ఉంటాయి. జబ్బేమిటంటే, మనుషులు తేల్చుకోవాల్సిన గొడవను గోదావరి వచ్చి తేల్చేసింది. అదే గోదావరి ఫస్టాఫ్ అంతా పాటల్లో తప్ప ఎవరి పనికీ అడ్డు రాలేదు. మన గోదావరి ప్రాంతం కథల్లో ఇది మామూలే. కొబ్బరాకుల మీద ఎండ, పడవలో హీరోయిన్, పూతరేకులు. చూడ్డానికి బాగుంటుంది, తీసేసినా కథకు నష్టం లేదు.

రాసిన స్క్రిప్టుకు మళ్లీ వన్‌లైన్ ఆర్డర్

డ్రాఫ్ట్ పూర్తయ్యాక రెండు మూడు వారాలు దాని మొహం చూడకపోవడం మంచిది. తర్వాత ప్రింటు తీసి, కలం లేకుండా, ఒకే బిగిన చదవాలి. మనసు పక్కకు వెళ్లిన పేజీ మూల మడవడం తప్ప ఏమీ చెయ్యకూడదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేయించి ఉంటే ఈ దశలోనే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. లేకపోతే పాత్ర పేరు వెతికి ఒక్కసారిగా మార్చడం కుదరదు. మార్చాక ఒత్తులు చెదురుతాయి, అదొక ఓపిక.

ఆ తర్వాత అసలు పని, వన్‌లైన్ ఆర్డర్: సీన్లన్నిటినీ క్లుప్తంగా వరుసలో రాసుకోవడం. ఒక్కో సీన్‌కు ఒక్కో కార్డు. దాని మీద నాలుగు విషయాలే: ఎవరికి ఏం కావాలి, అడ్డేమిటి, సీన్ అయ్యేసరికి ఏం మారింది, ఏ సీన్ జరగబట్టి ఇది జరిగింది. నాలుగోదే కీలకం. కార్డుకీ కార్డుకీ మధ్య "అందుకని" అనో "అయితే" అనో పలికితే కథ నడుస్తోంది. "ఆ తర్వాత" అని మాత్రమే పలికితే అక్కడ తెగింది.

మన ఉదాహరణలో సత్తిబాబు వాటా అడిగాడు, ఆ తర్వాత టీచరమ్మని చూశాడు, ఆ తర్వాత పాట, ఆ తర్వాత సూర్యం లాయరు దగ్గరకు వెళ్లాడు. మూడు చోట్ల తెగింది. ప్రేమ ట్రాక్‌లో 11 సీన్లున్నాయి, పదకొండూ తీసేసినా వాటా గొడవ ఒక్క అంగుళం కదలదు. అలాగని ప్రేమను తీసెయ్యనక్కర్లేదు, ఆమె ఉద్యోగం మారిస్తే చాలు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఊళ్లలో సర్వేయర్ పోస్టులు వచ్చాయి. టీచరమ్మను గ్రామ సర్వేయర్‌ను చేస్తే, శాటిలైట్ సాయంతో కొలిచే రోవర్ పట్టుకుని తోట కొలిచేది ఆమే, హద్దు రాయి పాతించేదీ ఆమే. అతను వాటా అడిగాడు, అందుకని ఆమె వచ్చింది. అయితే ఆమె కొలిస్తే కాగితం మీది రెండెకరాలు నేల మీద లేవు. తూర్పు కొసన కొంత ఎప్పుడో కోతకు పోయింది. ఆ కొస ఎవరి వాటాలో పడాలి? ఈ ప్రశ్న మొదటి డ్రాఫ్ట్‌లో లేనే లేదు.

కథలో కన్నం, అందులోంచే కొత్త ఇంటర్వెల్

లాజిక్ పాస్ అని ఒకటి విడిగా చెయ్యాలి. కథ తాకే ప్రతి రంగానికీ ఆ రంగం తెలిసినవాడి కళ్లతో ఒకసారి చదవడం. ఈ కథను అమలాపురం కోర్టులో ఏ గుమస్తాకు చెప్పినా పది నిమిషాల్లో ఆపేస్తాడు. "సగం సగం ఏంటండీ?" అంటాడు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకూ కొడుకులకూ కూతురికీ తలో సమాన వాటా. రెండెకరాలంటే 200 సెంట్లు, మనిషికి 50. తాతల నాటి ఉమ్మడి ఆస్తే అయినా, 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది.

అంటే అన్నదమ్ములు సినిమా అంతా కొట్టుకున్న 'సగాలు' వాళ్లవి కావు. ఇలాంటి కన్నం కనబడగానే ఒక డైలాగుతో పూడ్చేయాలనిపిస్తుంది. అక్క చేత "నాకేం వద్దురా" అనిపిస్తే సరిపోతుంది కదా అని. పూడ్చొచ్చు. కానీ కథకు కావాల్సింది అక్కడే ఉంది. రేవు దగ్గర కొట్లాట తీసేసి, అక్క రాజోలు నుంచి పడవ దిగి వచ్చి "మీ ఇద్దరిదీ కలిపితేనే సగంరా, మిగతా సగం అమ్మదీ నాదీ" అంటే? అదీ ఇంటర్వెల్.

సీన్ల లెక్క చూద్దాం. ప్రేమ ట్రాక్ 11 నుంచి 4కు దిగుతుంది, ఏడు పోయాయి. కోర్టు సీన్లు తొమ్మిదికి తొమ్మిదీ అనవసరం, లాయరు చెప్పాల్సింది అక్క చెప్పేసింది. విడిగా నడిచే కామెడీ ట్రాక్ ఐదు. ఫ్లాష్‌బ్యాక్‌లు ఎనిమిదిలో ఆరు. మొత్తం 27 పోయాయి. అక్కకు రెండే సీన్లుండేవి, ఒకటి పెళ్లిలో, ఒకటి ఏడుస్తూ. ఇప్పుడు ఏడు కావాలి, ఐదు పెరిగాయి. నికరంగా 22 తగ్గి, 86 కాస్తా 64 అయింది. ఇంతా చేసి ఒక్క డైలాగుకూ మెరుగు పెట్టలేదు.

మూడంకాలా, రెండు సగాలా

ఇక్కడ రెండు వాదాలున్నాయి. సిడ్ ఫీల్డ్ 1979లో ప్రచారంలోకి తెచ్చిన మూడంకాల కొలత ప్రకారం 120 పేజీల్లో మొదటి 30 పరిచయం, మధ్య 60 ఘర్షణ, చివరి 30 పరిష్కారం. మన సినిమాకు మధ్యలో ఇంటర్వెల్ ఉంది. ఒకరి వాదన: ఇంటర్వెల్ థియేటర్ క్యాంటీన్ కోసం పుట్టిన అలవాటు, దానికోసం కథను బలవంతంగా ఎత్తడం వల్లే మన సెకండాఫ్‌లు చతికిలపడుతున్నాయి, ఓటీటీలో అది ఎలాగూ లేదు. రెండో వాదన: జనం లేచి బయటకు వెళ్లి, టీ తాగుతూ మాట్లాడుకుని తిరిగొచ్చే పది నిమిషాలు మన కథనంలో భాగం, వాళ్ల నోట్లో ఒక ప్రశ్న పెట్టి పంపాలి.

రెంటిలోనూ నిజముంది. ఒక తేడా గమనిస్తే గొడవ సగం తగ్గుతుంది. ఇంటర్వెల్లో శబ్దం పెరిగితే చాలదు, ప్రశ్న మారాలి. రేవు దగ్గర కొట్లాట ముందూ వెనకా ప్రశ్న ఒకటే: తోట ఎవరిది? అక్క వచ్చాక ప్రశ్న వేరు: తమది కాని సగం కోసం వీళ్లు ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నారు? ఇలా మలుపు తిరిగిన చోటును మూడంకాల వాళ్లు మధ్యబిందువు అంటారు, మనం ఇంటర్వెల్ అంటాం.

వరదను గడియారంగా వాడుకోవడం

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. మన జిల్లాల ప్రేక్షకుడికి ఈ మూడు హెచ్చరికల అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్ని లంకలకైతే మొదటి హెచ్చరికకు ముందే కాజ్‌వేలు మునిగి, రాకపోకలు పడవల మీదకు మారిపోతాయి.

మొదటి డ్రాఫ్ట్‌లో కథ రెండేళ్లు సాగింది. దాన్ని ఒక ఏప్రిల్ నుంచి ఆగస్టుకు కుదించి, సెకండాఫ్ మొత్తం ఒకే వరదలో పెడితే హెచ్చరికలే మెట్లవుతాయి. 32వ సీన్, ఇంటర్వెల్: మొదటి హెచ్చరిక, అక్క దిగిన పడవే ఆ రోజుకు ఆఖరిది. 45: రెండోది, సర్వేయర్ వెళ్లిపొమ్మంటుంది, తల్లి కదలదు. 57: మూడోది, హద్దు రాయి ఒరిగిపోతుంది. రాయిని ఫస్టాఫ్‌లో పాతుతున్నప్పుడు నీళ్లు ఎంత దూరమో చూపించి ఉండాలి. మధ్యలో ఇంకొకసారి, ఎవరూ మాట్లాడకుండా, నీళ్లు రాతి మొదట్లో కనబడాలి. అలా చేస్తే మూడోసారి సంగీతం కూడా అక్కర్లేదు.

దీంతో పాటే రుతువుల లెక్క సరిచూసుకోవాలి. డెల్టా కాలువలు ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా కట్టేస్తారు, మే నెల సీన్లో నిండు కాలువలో పడవ రాశారంటే తప్పు. పులస వచ్చేది ఎర్రనీటి కాలంలో, సంక్రాంతి విందులో పులస పులుసు వడ్డించిన స్క్రిప్టును యానాంలో ఎవరూ క్షమించరు. సార్వా (ఖరీఫ్) కోతలు, దాళ్వా (రబీ) నాట్లు ఎప్పుడో తెలియకపోతే "పచ్చని పొలాలు" అని రాసిన ప్రతిచోటా ఆగి నెల రాసుకోవాలి.

ఒక సీన్ దగ్గరగా: మొదటి రాత, తిరగరాత

వరుస కుదిరాకే సీన్ల లోపలికి వెళ్లాలి. అన్నదమ్ములు మొదటిసారి ఎదురుపడే సీన్ మొదటి డ్రాఫ్ట్‌లో ఇంటి అరుగు మీద ఉంది.

సూర్యం: పదేళ్ల క్రితం నువ్వు కువైట్ వెళ్లిపోయావు. నాన్న పోయినప్పుడు కూడా రాలేదు. ఈ తోటని నేనే కాపాడాను.
సత్తిబాబు: నేను పంపిన డబ్బుతోనే కదా అన్నయ్యా అక్క పెళ్లి చేశావు?

ఇద్దరికీ తెలిసిన సంగతులను మనకోసం ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తిరగరాత:

సీన్ 11. ఎక్స్‌టీరియర్ / కొబ్బరి తోట / డే
దింపు కార్మికులు చెట్ల మీద. కింద సూర్యం రెండేసి కాయలు కుప్పలోకి విసురుతూ లెక్కపెడుతున్నాడు.
సూర్యం: లాభం... రెండు... మూడు... నాలుగు...
సత్తిబాబు ఒక కాయ తీసి పక్కన వేరేగా పెట్టాడు. ఇంకోటి. సూర్యం లెక్క ఆగింది.
సూర్యం: అదేంట్రా?
సత్తిబాబు: నా వాటా అన్నయ్యా.
సూర్యం: అక్క పెళ్లికి నువ్వంపింది కూడా ఇలాగే లెక్కెట్టి ఉంచేవేంట్రా?
మంగమ్మ వచ్చి సత్తిబాబు కుప్పలోంచి ఒక కాయ, సూర్యం కుప్పలోంచి ఒక కాయ తీసుకుంది.
మంగమ్మ: పచ్చడికి. ఎవడిదేదో నన్నడక్కండి.

సమాచారం దాదాపు అదే. ఇప్పుడది దెబ్బగా వచ్చింది, చేతిలో పనుంది, సీన్ ముగిసేసరికి కుప్ప రెండైంది. తండ్రి చావు ఊసు ఇక్కడ లేదు, దాన్ని దాచుకుంటే తర్వాత ఎక్కడో బరువుగా పనికొస్తుంది. సీన్ కాయల లెక్క మధ్యలో మొదలైంది, పలకరింపులు లేవు. తల్లి మాట తర్వాత కొడుకుల మొహాలు చూపించాలా వద్దా అన్నది దర్శకుడి పని, రాయకపోవడమే మేలు.

యాస ఎంత వెయ్యాలి

డైలాగ్ పాస్ ఆఖర్న. గోదావరి కథంటే ప్రతి వాక్యానికీ ముందు "ఆయ్", వెనక "అండి" తగిలించడం ఒక అలవాటైపోయింది. తమ్ముడితో "అండి" అనే అన్న ఎక్కడా ఉండడు. యాస ఎక్కువగా ఉండేది క్రియల్లోనూ వరసల్లోనూ: "వచ్చేడు", "చేసేవా", "ఎల్లొస్తా". పూర్తి యాస రాయాలనేవాళ్లు నిజాయితీ గురించి మాట్లాడతారు, మనుషులు అలాగే మాట్లాడతారు కదా అంటారు. తగ్గించాలనేవాళ్లు నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) ప్రేక్షకుల గురించి, యాస రాని నటుల గురించి చెబుతారు. రెండో వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు, నటుడు పలకలేని యాస తెర మీద వెక్కిరింతలా వినిపిస్తుంది. తల్లికి చిక్కటి యాస, కువైట్ నుంచి వచ్చినవాడికి పలచగా, సర్వేయర్‌కు ఆఫీసు తెలుగు ఇస్తే ఆ తేడాయే పాత్రల్ని విడదీస్తుంది. పరీక్ష సులువే: పేర్లు మూసేసి చదివితే ఎవరి మాటో తెలియాలి.

చదివి వినిపించినప్పుడు వచ్చే సలహాల్లో ఎక్కడ ఆగారన్నది నమ్మాలి, ఏం చెయ్యమన్నారన్నది జాగ్రత్తగా వినాలి. ముగ్గురు వేరువేరుగా 40వ సీన్ దగ్గర జారిపోతే అక్కడ నిజంగానే ఏదో ఉంది, అయితే కారణం చాలాసార్లు 25వ సీన్లో దొరుకుతుంది.

లాక్ అయ్యాక మార్పులు

మాటలతో సహా పూర్తిగా రాసి పెట్టుకున్న బౌండ్ స్క్రిప్ట్ లేకుండా షూటింగ్‌కు వెళ్లకూడదనేవారు ఖర్చు లెక్క చూపిస్తారు. సెట్లో రాసుకోవాలనేవారు నటుల నుంచి, ఊరి నుంచి వచ్చే జీవం గురించి చెబుతారు. ఆచరణలో ఎక్కువమంది వరుసను లాక్ చేసి, అంటే ఖరారు చేసి, మాటలను వదులుగా ఉంచుతారు.

లొకేషన్ మాత్రం ఎవరినీ అడగదు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో వందల సినిమాల్లో కనిపించిన సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ చెట్టు కింద అని రాసుకున్న సీన్ ఏదైనా ఆ రోజుతో మారాల్సిందే. మన 57వ సీన్ కూడా అంతే, మూడో హెచ్చరిక ఉన్న ఏట్లోకి యూనిట్ దిగదు. వరద రోజున దూరం నుంచి నదిని మాత్రం తీసుకుని, రాయి ఒరగడాన్ని ప్రవాహం తగ్గాక ఒడ్డున ఇరుకు ఫ్రేముల్లో, తెల్లవారుజామున తీసేలా రాస్తే నీళ్ల మీద రాత్రి లైటింగ్ ఖర్చూ తప్పుతుంది.

లాక్ అయిన కాపీలో మారిన పేజీ మాత్రమే పంచుతారు. హాలీవుడ్ అలవాటులో ఒక్కో విడత సవరణకు ఒక్కో రంగు కాగితం, తెలుపు తర్వాత నీలం, గులాబీ, పసుపు, ఆకుపచ్చ ఇలా. మారిన లైను పక్కన నక్షత్రం గుర్తు (*). మన దగ్గర రంగు కాగితాలు అరుదు, కనీసం పేజీ మీద తేదీ, విడత నెంబరు వెయ్యాలి. 12వ పేజీ పెరిగితే అదనపుది 12ఏ అవుతుంది, 13 కదలదు. 45, 46 సీన్ల మధ్య కొత్తది వస్తే అది 45ఏ. తీసేసిన సీన్ నెంబరును మరో సీన్‌కు ఇవ్వరు, "సీన్ 41, తొలగించబడింది" అని ఖాళీగా ఉంచుతారు. అలా ఉంచకపోతే కాస్ట్యూమ్ వాళ్ల పుస్తకంలో 41 అంటే సత్తిబాబు లుంగీ, ఎడిటర్ దగ్గర 41 అంటే సర్వేయర్ పడవ, ఆ తేడా బయటపడేది షెడ్యూల్ అయిపోయి అందరూ ఊళ్లు వెళ్లిపోయాక.